గట్టాయన జీపూ, పై అట్ట గుడ్లూ

ఆ ఇంటి గేటు చేత్తో తోస్తే కదలదు. భుజం పెట్టి తొయ్యాలి. కొత్తగా వచ్చినవాళ్ళు కాసేపు దానితో కుస్తీ పట్టి, లోపల ఎవరూ లేరేమో అనుకుని వెనక్కి తిరుగుతారు. లోపల వరండాలో కూర్చుని గుడ్లు తుడుస్తున్న గుడ్లక్క అప్పుడు గొంతెత్తి అరుస్తుంది. "తొయ్యండి, తొయ్యండి, ఇంకాస్త తొయ్యండి! మా ఆయన పెట్టించిన గేటది, ఊరికే తెరుచుకుంటుందా?"

ఆ ఆయనే గట్టాయన. తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఉండే ఉంటుంది, అదెవరికీ గుర్తు లేదు. ఏ దుకాణం మెట్లెక్కినా ఆయన నోట్లోంచి మొదట వచ్చే మాట ఒక్కటే, "గట్టిదివ్వు." బకెట్టు కావాలా, గట్టిదివ్వు. తాళం కావాలా, గట్టిదివ్వు. చెప్పులైనా అంతే, చీపురైనా అంతే. ఆఖరికి తలగడ కూడా గట్టిదే తెచ్చాడండీ ఆ మహానుభావుడు. మనిషి తల పెట్టుకుని పడుకునేది కదా, గట్టిదెందుకని పెళ్ళైన కొత్తలో గుడ్లక్క అడిగింది. "మెత్తనిదైతే నాలుగు రోజుల్లో అణిగిపోతుంది" అన్నాడు. ఆ తలగడ ఇప్పటికీ అణగలేదు. ఆవిడ మెడే అణిగిపోయింది.

ఆ ఇంట్లో బకెట్టు ఖాళీగా ఎత్తినా నిండుగా ఎత్తినట్టే ఉంటుంది. మంచం కింద ఊడవాలంటే పక్కింటివాళ్ళని పిలవాలి. దాణా గది తాళం ఎంత గట్టిదంటే, తాళంచెవిని పట్టకారుతో పట్టి తిప్పాలి. దొంగలు రాకుండా ఉండటానికట! దొంగల సంగతి దేవుడెరుగు, కోళ్ళకి దాణా పెట్టడానికి వెళ్ళిన ఇంటి మనిషే బయట నిలబడి తిట్టుకోవాల్సి వచ్చేది.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి, మనిషి చెడ్డవాడు కాడు. పొద్దున్నే ఆవిడ కంటే ముందు లేచి కోళ్ళ షెడ్డు కడుగుతాడు. ఒకరి జోలికి పోడు. ఈ గట్టి పిచ్చి ఎక్కణ్ణుంచి పట్టుకుందో కూడా గుడ్లక్కకి తెలుసు, తెలుసు గనకే ఇన్నేళ్ళూ పళ్ళు నూరుతూ ఊరుకుంది. పెళ్ళైన మొదటి ఏడాది వాళ్ళు కొండ మీద చిన్న షెడ్డు వేసి కోడిపిల్లల్ని దింపారు. చేతిలో ఉన్నదాన్ని బట్టి సన్న గుంజలు పాతారు. ఒక మధ్యాహ్నం గాలివాన వచ్చింది. కప్పు ఒరిగిపోతుంటే ఆయన మధ్య గుంజని వీపుతో ఆపుకుని నిలబడ్డాడు. ఆవిడ బుట్టతో పిల్లల్ని బయటికి చేరవేస్తోంది. ఆ గుంజ ఆయన వీపు మీదే విరిగింది. వాన వెలిశాక తడిసి చచ్చిన పిల్లల మధ్య కూర్చుని ఒకే మాట అన్నాడు, "గట్టి గుంజలు వేసుంటే పోయేది." ఆ రోజు మొదలు ఈయనకి ప్రపంచంలో ఏ వస్తువూ చాలినంత గట్టిగా కనపడలేదు.

ఇక జీపు సంగతికొద్దాం, అసలు గొడవంతా అక్కడే. ఆ జీపు వాళ్ళ పెళ్ళికంటే పాతది. కాకపోతే నాలుగు చక్రాలూ లాగుతాయి, కొండ మీది ఫారం నుంచి కింద పట్నం దాకా ఉన్న రాళ్ళదారిలో అది తప్ప ఇంకే బండీ దిగి ఎక్కలేదు. పోయేటప్పుడు అట్టల్లో పేర్చిన గుడ్లు, వచ్చేటప్పుడు దాణా బస్తాలు. ఫారంలో పుట్టిన ప్రతి గుడ్డూ పట్నంలో ఉన్న పిల్లల హాస్టల్ వంటగదికే పోతుంది. చిల్లరగా అమ్ముకుందామంటే ఆ కొండ మీదికి కొనేవాడు రాడు. ఆ వంటగది ఒకటి చెయ్యిజారితే కోళ్ళని అమ్మేసి షెడ్డుకి తలుపులు వేసుకోవాల్సిందే, గుడ్లక్కకి ఆ కోళ్ళు తప్ప వేరే బతుకు తెలీదు.

జీపు వెనక బరువంతా మోసేవి కమాను కట్టలు, అంటే ఒకదానికింద ఒకటి పేర్చి బిగించిన ఇనప పట్టీలు. ఇన్నేళ్ళు దాణా మోసీ మోసీ అవి చతికిలబడ్డాయి. గుంత వస్తే చాలు, వెనక భాగం ధనామని కిందికి దిగి ఇనుముకి ఇనుము కొట్టుకునేది. అలా కొట్టుకున్నప్పుడల్లా అన్నిటికంటే కింద ఉన్న అట్టలో గుడ్లు చిట్లేవి. "ఏమండీ, ఆ కమాన్లు చూపించండి" అని ఆవిడ నెత్తీ నోరూ కొట్టుకుంది. ఆయన చూపించాడు. చూపించడానికి ఎక్కడికో పోనక్కర్లేదు, సొంత తమ్ముడే మెకానిక్కు. పట్నంలోకి దిగగానే మొదట కనిపించే రేకుల షెడ్డు అతనిదే.

"గట్టివి వెయ్యరా" అన్నాడు గట్టాయన.

"ఎంత గట్టివి అన్నయ్యా?"

"ఉన్నవాటిలో."

మరిది మారు మాట్లాడకుండా వేసేశాడు. అన్నయ్యకి ఎదురు చెప్పే ధైర్యం వాళ్ళింట్లో ఎవరికీ లేదు, వదినకి తప్ప. కొత్త కట్టలు మందంగా, నల్లగా నిగనిగలాడుతున్నాయి. జీపు వెనక భాగం బాగా పైకి లేచింది. గట్టాయన చుట్టూ తిరిగి చూసి, చేత్తో చరిచి, "ఇప్పుడు బండిలా ఉంది" అన్నాడు. పక్కన ఉండే షాకబ్జర్లు, అంటే బండి ఊగకుండా పట్టి ఆపే ఆ గొట్టాలు, పాతవే ఉంచేశారు. "అవి బానే ఉన్నాయిగా, మోసేది కమాన్లే కదా" అన్నాడాయన. వినడానికి ఎంత సబబుగా ఉందో చూడండి.

మొదటి రోజు గుడ్లక్క ముందు సీట్లో కూర్చుంది. మొదటి రాయి మీదికెక్కగానే జీపు వెనక భాగం ఎగిరింది. సరే, రాయి కదా అనుకుంది. రాయి దాటాక కూడా ఎగిరింది. ఇంకోసారి ఎగిరింది. సాఫుగా ఉన్న చోట కూడా ఆ ముందటి రాయిని తలుచుకుని తలుచుకుని ఎగురుతూనే ఉంది. "ఇదేం ఎగురుడండీ బాబూ!" అంటే, "కొత్త కమాన్లు, బలం అలాగే ఉంటుంది" అన్నాడు గట్టాయన, స్టీరింగు పట్టుకుని తనూ ఎగురుతూ.

హాస్టల్ వంటగదిలో పెద్ద వంటావిడ అట్టలు ఒక్కొక్కటే దించి చూసింది. ఆవిడ చేతుల కింద పనిచేసేవాళ్ళంతా ఆవిడ కనుబొమ్మలు చూసి నడుచుకుంటారు. ఆ రోజు పై అట్ట మొత్తం గుడ్ల సొనే. రెండో అట్టలో సగం పోయాయి. కింది అట్టలు మటుకు చెక్కుచెదరలేదు.

"గుడ్లక్కా, ఇంతకు ముందు కింద పగిలేవి. ఇప్పుడు పైన. మీరేమైనా తలకిందులుగా పేర్చుకొస్తున్నారా?" అంది వంటావిడ.

గుడ్లక్క మొహం చిన్నబోయింది. తిరుగు దారిలో దాణా బస్తాలు ఎక్కించాక జీపు బుద్ధిమంతుడిలా నడిచింది, దాంతో గట్టాయనకి ఇంకా ధైర్యమొచ్చింది. "చూశావా? బాగానే ఉంది. నువ్వే అట్టలు సరిగ్గా పేర్చలేదు."

సరిగ్గా పేర్చలేదట! పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి గుడ్లు పేరుస్తున్న మనిషిని పట్టుకుని! గుడ్లక్కకి ఒళ్ళు మండిపోయింది. మర్నాటి నుంచి ముందు సీటు వదిలేసింది. వెనకెక్కి, అట్టల దొంతర పక్కన ఇనప నేల మీద గోనెసంచి వేసుకుని కూర్చుని, పై అట్టని రెండు చేతులా అదిమి పట్టుకుని దిగడం మొదలుపెట్టింది. జీపు ఎగిరితే తనూ ఎగిరేది, అట్ట మీద చేతులు మాత్రం తీసేది కాదు. నడుము కమిలిపోయింది. మోచేతులు గీరుకుపోయాయి. ముందు సీటు ఖాళీగా ఊగుతూ ఉండేది. ఆయన అద్దంలోంచి చూసి, "గట్టిగా పట్టుకో" అనేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా చేతిలో ఉన్న అట్ట ఆయన నెత్తి మీద బోర్లించాలనిపించేది. గుడ్లు దండగని ఊరుకునేది.

ఎంత పట్టుకున్నా మనిషి చేతులు కదా, రోజూ కొన్ని పోతూనే ఉన్నాయి. పై అట్టలోనే పోతున్నాయి. ఒకరోజు ఆవిడకి తల ప్రాణం తోకకొచ్చి, "ఏమండీ, కమాన్లు మార్చాకే ఈ చిందులు. ఆ ఆపే గొట్టాలు మార్చండి, మీకు పుణ్యముంటుంది" అంది. గట్టాయన ఆలోచించాడు. ఆయన ఆలోచిస్తే ఏం జరుగుతుందో ఆవిడకి తెలిసుండాల్సింది. తిన్నగా స్పేర్ పార్టుల దుకాణానికెళ్ళి, "షాకబ్జర్లు కావాలి, గట్టివివ్వు" అన్నాడు. దుకాణదారుడు బరువు లారీలకి వేసేవి తీసిచ్చాడు. తమ్ముడు నోరు మూసుకుని బిగించాడు.

ఇప్పుడు జీపు ఎగరలేదు, ఆ మాట నిజమే. ఎగరడం కాదు కదా, వెనక భాగం కదలనే లేదు. కమానుకి ఊపిరాడనివ్వకుండా ఆ గొట్టాలు బిగబట్టేశాయి. దారిలో ఉన్న ప్రతి గులకరాయీ ఎవరికీ చెప్పకుండా నేరుగా వచ్చి గుడ్లక్క వెన్నుపూసకి తగిలింది. దంతాలు టకటకలాడాయి. పట్నం చేరేసరికి పై అట్ట బాగానే ఉంది. కింది అట్టల్లో, మధ్య అట్టల్లో, ఒక్కో గుడ్డు మీదా వెంట్రుకంత గీత. ఎన్నని చూస్తారు!

పెద్ద వంటావిడ ఈసారి కోప్పడలేదు. ఆవిడ కోప్పడకపోతేనే భయం. "చూడమ్మా, మీ గుడ్లు మంచివని ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చాను. చీలిన గుడ్డు ఉడకేస్తే సొనంతా నీళ్ళల్లోకొచ్చేస్తుంది, పిల్లలకేం పెట్టను? ఇంకొక్కసారి చూస్తాను. వచ్చే లోడులో పైనగానీ కిందగానీ ఈ దారి దెబ్బ కనిపించిందంటే, గుడ్ల కంపెనీ వ్యాను వాళ్ళని రమ్మంటాను. ఏమీ అనుకోకు."

ఏమీ అనుకోకట. గుడ్లక్క ఆ చీలిన గుడ్ల అట్టల్ని కింద నుంచి పైకి ఎలా ఉన్నవి అలాగే పేర్చి నెత్తిన పెట్టుకుని, జీపెక్కకుండా, నడుచుకుంటూ మరిది షెడ్డుకి వెళ్ళింది. వెనకాలే జీపు నడుపుకుంటూ గట్టాయన. "ఎక్కవే, ఎండలో ఏంటా నడక?" అని ఆయన. "మీ బండి మీరే ఎక్కండి" అని ఆవిడ. దారిన పోయేవాళ్ళు నిలబడి చూశారు.

షెడ్డులో మరిది ఏదో బండి కింద పడుకుని ఉన్నాడు. కాళ్ళు మాత్రం బయటికి కనిపిస్తున్నాయి. గుడ్లక్క ఆ కాళ్ళతోనే మొదలుపెట్టింది. "లే! బయటికి రా! మీ అన్న గట్టిది అంటే నువ్వు బిగించెయ్యడమేనా? నేర్చుకున్న విద్యంతా ఏమైంది? బండి ఏం మోస్తుంది, ఎటు పోతుంది అని ఒక్క ముక్క అడగవా?"

మరిది గ్రీజు మొహంతో బయటికొచ్చి బుర్ర గోక్కున్నాడు. "వదినా, నేనేం చెయ్యను? అన్నయ్య సంగతి నీకు తెలీనిదా?"

"నాకు తెలుసు కాబట్టే నా నడుము ఇలా అయింది! ఇటు చూడు." అట్టల దొంతర బల్ల మీద పెట్టింది. "పాత కమాన్లప్పుడు కింద పగిలాయి. కమాన్లు కొత్తవి, గొట్టాలు పాతవి అయినప్పుడు పైన పగిలాయి. రెండూ గట్టివైపోయాక ఇదిగో, కిందా మధ్యా అన్నిటికీ గీతలు. గుడ్డు ఊరికే పగలదు. ఎక్కడ పగిలిందో చూస్తే దెబ్బ ఎటు నుంచి వచ్చిందో తెలుస్తుంది. ఇప్పుడు చెప్పు, మెకానిక్కువి కదా."

మరిది మొదట నవ్వబోయాడు. తర్వాత అట్టల వైపు చూస్తూ నవ్వు ఆపేశాడు. ఒక అట్ట ఎత్తి చూశాడు, ఇంకోటి ఎత్తి చూశాడు. మూలకెళ్ళి తీసి పారేసిన పాత షాకబ్జరు పట్టుకొచ్చాడు. దాని చివర రింగులో ఉండే రబ్బరు చిరిగి వేలాడుతోంది.

"ఇది చూడు వదినా. కొత్త కమాన్లతో బండి పైకి లేచింది కదా. చక్రం గుంతలోకి దిగినప్పుడల్లా ఈ గొట్టం పొడుగు చాలక, చెయ్యి చాచినంతా చాచి, లాక్కుని లాక్కుని చిరిగింది. పైగా ముసలిది. కొత్త కమాను పైకి తంతుంటే దీని మాట అది వినలేదు. అందుకే పై అట్ట ఎగిరి పడింది. ఇప్పుడేసింది పొడుగు బాగానే ఉంది గానీ, లారీ మోసే బరువుకి చేసింది. మన బరువుకి అది కదలదు."

"అయితే తప్పు కమాన్లదా?"

"కమాన్లు సరిగ్గానే ఉన్నాయి. దాణాకి అవి కావాలి. వాటికి జోడీ కుదరలేదు, అంతే."

ఆ మాటకి అప్పటిదాకా గోడకానుకుని నిలబడ్డ గట్టాయన మొహం వెలిగింది. "నేను చెప్పలా, కమాన్లు సరైనవేనని!"

"మీరు నోరు మూసుకోండి కాసేపు" అంది గుడ్లక్క.

మరిది లారీ గొట్టాన్ని విప్పి ఆవిడ ముందు నిలబెట్టి, నొక్కమన్నాడు. ఆవిడ రెండు చేతులా నొక్కింది. దిగలేదు. పమిట బిగించుకుని ఒళ్ళంతా దాని మీద మోపింది. బొటనవేలంత దిగి ఆగిపోయింది. "ఇదేం గొట్టం, మీ అన్నలా ఉందే!" అంది. మరిది ఇంకో బండి కోసం తెచ్చిన చిన్న గొట్టం తీసిచ్చాడు. అది అరచేతి కింద నిదానంగా దిగింది. మళ్ళీ పైకి లాగబోతే మాత్రం మొరాయించింది. ఆవిడ మళ్ళీ తోసింది, మళ్ళీ లాగింది. దానితో కాసేపు అలాగే ఆడింది.

"ఇదీ పద్ధతి వదినా. రాయి తగిలితే దిగనివ్వాలి. తన్నబోతే పట్టుకోవాలి. కాకపోతే ఇది మన బండికి పొట్టి. మన కమాన్లకి తగ్గ పొడుగుతో, తగ్గ బిగువుతో తేవాలి."

జీపు వెనక భాగాన్ని జాకీతో ఎత్తి చక్రాలు గాలిలో వేలాడనిచ్చాడు. షాకబ్జరు బిగించే రెండు చోట్ల మధ్యా ఒక కర్ర పెట్టి చాకుతో గాటు పెట్టాడు. తర్వాత దించబోతుంటే గుడ్లక్క ఆపింది. "ఖాళీ బండికి కొలిస్తే ఏం లాభం? తిరిగొచ్చేటప్పుడు దాణా ఉంటుంది కదా. అప్పుడు ఎంత కుంగుతుందో అదీ చూడు." దాణా బస్తాలు ఎక్కించి అదే కర్ర మీద ఇంకో గాటు పెట్టారు. బస్తాలన్నీ గట్టాయనే మోశాడు. ఎవరూ అడగలేదు, తనే మోశాడు. మోసి మోసి చెమట తుడుచుకుని మెల్లగా అన్నాడు, "మెత్తనివి వేస్తే నిలుస్తాయంటావా? మధ్య దారిలో విరిగితే?"

గుడ్లక్కకి ఇన్నాళ్ళ విసుగూ ఒక్కసారి గొంతులోకొచ్చింది. "విరగడం విరగడం విరగడం! ఆ గుంజ విరిగి ఎన్నేళ్ళైందండీ? దాని కింద ఇంకా ఎన్నాళ్ళు నిలబడతారు? గేటు గట్టిది, మంచం గట్టిది, తలగడ గట్టిది, నా ప్రాణం ఒక్కటే మెత్తనిది ఈ ఇంట్లో! ఆ రోజు గట్టిది లేక పోయాయి. సరే, ఒప్పుకుంటా. ఈ రోజు గట్టిది ఉండే పోతున్నాయి. ఇది మాత్రం మీకు కనపడదు!"

మరిది వెనక్కి తిరిగి అప్పుడే ఏదో స్పానరు వెతకాల్సి వచ్చినట్టు వెతుక్కున్నాడు. గట్టాయన చీలిన అట్టల వైపు చూశాడు, ఆవిడ మోచేతుల వైపు చూశాడు. ఆ గీరుకుపోయిన మోచేతులు రోజూ అద్దంలో కనపడుతూనే ఉన్నాయి, చూసింది మాత్రం ఇప్పుడే. గాట్లు పెట్టిన కర్ర తీసుకుని బయటికి నడిచాడు. ఈ మనిషిని ఒంటరిగా పంపితే మళ్ళీ కొంప ముంచుతాడని ఆవిడ వెనకే పరిగెత్తింది.

స్పేర్ పార్టుల దుకాణంలో ఆయన మెట్టెక్కగానే యజమాని లేచి నిలబడ్డాడు. "రండి గట్టాయనా, రండి! మీ సరుకు నాకు తెలుసు కదా." అడక్కుండానే పై అర నుంచి అన్నిటికంటే లావుపాటి జత దించి బల్ల మీద పెట్టాడు.

గట్టాయన వాటి వైపు చూశాడు. చూపులో ఆశ ఉంది, అబద్ధమెందుకు. గుటక మింగాడు. "అవి వద్దు."

"ఇంకా గట్టివా?"

"కాదు." పక్కన నిలబడ్డ గుడ్లక్క పెదవి బిగబట్టి చూస్తోంది, సాయం చెయ్యకూడదని ఒట్టేసుకున్నట్టు. ఆయన కర్ర బల్ల మీద పెట్టాడు. "దీనికి... సరిపోయేవి. ఈ గాటు దాకా చాచాలి, ఈ గాటు దాకా ముడుచుకోవాలి. తోస్తే దిగాలి. లాగితే మొరాయించాలి."

దుకాణదారుడు చెవులు నమ్మలేక గుడ్లక్క వైపు చూశాడు. "మరి చేతికి కాస్త మెత్తగా అనిపిస్తాయండీ."

"అనిపించనీ" అన్నాడు గట్టాయన, పన్ను పీకించుకున్నవాడిలా.

మూడు జతలు తీయించి, మూడూ నేల మీద నిలబెట్టి గుడ్లక్క తోసి చూసింది, లాగి చూసింది. చూసి చూసి ఒకటి తేల్చింది. మరిది వాటిని బిగించాడు.

లోడు రోజు వచ్చింది. కొండ మీద వరండాలో అట్టలు పేర్చడం అయ్యింది. ఆ పేర్పు మీద ఆ కోళ్ళూ, ఆ షెడ్డూ, ఆవిడ బతుకూ అన్నీ నిలబడి ఉన్నాయని ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ ఆ మాట ఎత్తలేదు. ఆవిడ నీళ్ళసీసా తేవడానికి లోపలికెళ్ళి వచ్చేసరికి ఆయన దొంతరని జీపెక్కించి, రోజూ గుడ్లకి ఆవిడ కట్టే తాడు ఈసారి తనే కట్టేశాడు. ఆవిడ అలవాటుగా గోనెసంచి తీసుకుని వెనకెక్కబోయింది.

"ముందు కూర్చో" అన్నాడు గట్టాయన.

"అట్టలెవరు పట్టుకుంటారు, మీ తాతా?"

"షాకబ్జర్లు పట్టుకుంటాయి. ముందుకి రా."

చాలా రోజుల తర్వాత ముందు సీట్లో కూర్చుంది గుడ్లక్క. కూర్చుందన్న మాటే గానీ, మెడ వెనక్కే తిరిగి ఉంది. మొదటి రాయి వచ్చింది. జీపు వెనక భాగం దిగింది, లేచింది, ఆగింది. అంతే. ఇంకో ఎగురుడు కోసం ఇద్దరూ ఊపిరి బిగబట్టి ఎదురుచూశారు, రాలేదు. దారి పొడుగునా అదే. అయినా ఆ మనిషి ఊరుకుంటాడా! ప్రతి మలుపులో బండి ఆపి, "అన్నీ బాగున్నాయా?" అనడం. దిగి చూడటం. మళ్ళీ ఎక్కడం. "ఇలా ఆపుకుంటూ పోతే గుడ్లు పొదిగి పిల్లలవుతాయి, నడపండి!" అని ఆవిడ విసుక్కుంది.

వంటగది బల్ల మీద దొంతర దించారు. పెద్ద వంటావిడ తాడు విప్పి పై అట్ట చూసింది. చూసి ఆగింది. అంచు వరసలో గుడ్లు చితికి ఉన్నాయి. అటు అంచునా అంతే.

"గుడ్లక్కా..." అంది వంటావిడ.

గట్టాయన మొహంలో రక్తం లేదు. "ఎగరలేదమ్మా, ఒట్టు, బండి అస్సలు ఎగరలేదు" అంటున్నాడు, అదే మాట మళ్ళీ మళ్ళీ.

వంటావిడ రెండో అట్ట ఎత్తింది, బాగుంది. మూడోది బాగుంది. ఒక్కొక్క గుడ్డూ వెలుతురుకి పెట్టి చూసుకుంటూ అడుగు దాకా దిగింది. గీత కూడా లేదు. మళ్ళీ పై అట్ట దగ్గరికొచ్చింది. గుడ్లక్క కూడా వంగి చూసింది. అట్ట అంచు లోపలికి నొక్కుకుపోయి ఉంది, అచ్చు తాడంత వెడల్పున. చితికినవి ఆ నొక్కు కింద ఉన్నవే.

గుడ్లక్క మెల్లగా మొగుడి వైపు తిరిగింది. "తాడు ఎలా కట్టారు?"

గట్టాయన నీళ్ళు నమిలాడు. "మామూలుగానే."

"మామూలుగా అంటే?"

"మోకాలు పెట్టి లాగి... గట్టిగా."

వంటగదిలో ఉన్నవాళ్ళందరూ ఒక్కసారి పగలబడి నవ్వారు. పెద్ద వంటావిడ మొదట నవ్వకూడదనుకుంది, తర్వాత తనూ కొంగు నోటికడ్డం పెట్టుకుంది. గుడ్లక్కకి నవ్వాలో ఏడవాలో తెలీలేదు. నవ్వూ వచ్చింది, కళ్ళల్లో నీళ్ళూ తిరిగాయి. ఇంత చేసీ, ఇంత దూరం వచ్చీ, ఈ మనిషి మోకాలు పెట్టి లాగాడు!

"ఇది దారి దెబ్బ కాదులేమ్మా" అంది వంటావిడ, కళ్ళు తుడుచుకుంటూ. "దారి దెబ్బైతే రేపూ ఉంటుంది. ఇది మీ ఇంటి దెబ్బ, మీరే చూసుకోవాలి. రేపటి నుంచి మామూలుగానే తీసుకురా."

తిరుగు ప్రయాణానికి ఖాళీ అట్టలు జీపు వెనక పేర్చారు. గట్టాయన తాడు చేతిలోకి తీసుకున్నాడు. అలవాటుగా మోకాలు లేచింది. గాల్లో ఆగింది. దించేసి, తాడు ఆవిడ చేతికిచ్చాడు.

గుడ్లక్క తాడు అటు వేసి ఇటు తెచ్చి, నిదానంగా ముడి వేసింది. ఆయన వంగి, తాడు కింద ఒక వేలు పెట్టి చూశాడు. వేలు హాయిగా దూరింది. ఆ చెయ్యి తాడుని పట్టుకుని ఒక్క గుంజు గుంజడానికి ఎంత తహతహలాడిందో ఆవిడకి కనపడుతూనే ఉంది. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన ఎప్పుడూ, ఏ వస్తువు గురించీ అడగని మాట అప్పుడడిగాడు.

"చాలా?"

"చాలు" అంది గుడ్లక్క.

ఆయన వేలు తీసేశాడు.